బొమ్మ ఆడుతోంది, పాట వినిపించడం లేదు

ఒక ఊరికి పేర్లు ఎక్కువైతే వెతికేవాడికి తిప్పలు. జంషెడ్‌పూర్ అలాంటి ఊరు. 1919లో లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఆ పేరు పెట్టేదాకా అది సాక్చి. రైలు ఆగే చోటు మొదట కాలిమాటి, తర్వాత టాటానగర్. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అడిగితే ఇవేవీ చెప్పరు, 'టాటా' అంటారు. "మా చిన్నాన్న టాటాలో ఉంటాడు" అన్న మాటలో కంపెనీ ఉంది, ఊరూ ఉంది. ఖర్కాయ్ నది దాటితే ఆదిత్యపూర్. అక్కడికి జిల్లా మారిపోతుంది గానీ బయటి ఊళ్ల వ్యాపారులకు అదీ జంషెడ్‌పూరే. తెలుగులో రాయబోతే జంషెడ్‌పూర్, జంషెడ్పూర్, జెంషెడ్‌పూర్, జమ్షెడ్‌పూర్ అని ఎవరి అలవాటు వాళ్లది. వీటిలో ఏది టైపు చేసినా మనిషి సరైన గుమ్మం ముందుకు రావాలి. సెర్చ్ ఇంజన్ చేసే పనిని ఎంత గొప్పగా వర్ణించినా దాని మూలం ఇంతే: వెతికేవాడి మాటకూ పేజీలోని మాటకూ జత కుదర్చడం.

ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో లారీ విడిభాగాలు చేసే ఒక చిన్న కార్ఖానాను ఊహించుకుందాం. తాత పలాస దగ్గర్నుంచి వచ్చి కొలిమి పనిలో చేరాడు, తండ్రి రెండు లేత్ మిషన్లు పెట్టాడు, మనవడు వెబ్‌సైటు చేయించాడు. సైటు తెరవగానే నల్లటి తెర. 0 నుంచి 100 దాకా అంకె ఎక్కుతుంది. నిప్పురవ్వలు లేస్తాయి. ఎర్రగా కాలిన కడ్డీ గిర్రున తిరుగుతుంది, వేలితో కిందికి జరిపితే గేరుగా మారుతుంది. ఇంటికొచ్చిన చుట్టాలందరూ మెచ్చుకుంటారు. కానీ పుణేలోనో హోసూరులోనో కొనుగోలు విభాగంలో కూర్చున్న మనిషి 'ఆదిత్యపూర్ ఫోర్జింగ్' అని వెతికితే ఈ కార్ఖానా పేరు రాదు. సైటు ఉంది. అందులో ఏం చేస్తారో, ఎన్ని టన్నులు చేస్తారో, ఎక్కడ చేస్తారో చెప్పే మాటలు మాత్రం కదిలే బొమ్మ లోపల రంగు చుక్కలుగా ఉన్నాయి. మనిషి కన్ను వాటిని అక్షరాలుగా చదువుకుంటుంది, యంత్రానికి అవి అక్షరాలు కావు.

'యానిమేషన్ ఎక్కువైతే గూగుల్‌లో కనబడదా?' అన్న ప్రశ్న వెబ్‌సైట్లు చేయించుకునే ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు అడుగుతారు. దీనికి పాతికేళ్లుగా జవాబులు పోగుపడ్డాయి. కొన్నిటికి కాలం చెల్లింది. కొన్ని సగం నిజాలు. అన్నీ ముందేసుకుని చూశాక నాకు తేలింది ముందే చెప్పేస్తాను: కదలిక సైటును దాచదు. మాటల్ని ఎక్కడ పెట్టామన్నదే దాస్తుంది.

గూగుల్ తరఫున పేజీలు చదివే ప్రోగ్రాం పేరు గూగుల్‌బాట్. అది పేజీని ఎలా చదువుతుందో తెలిస్తే సగం అనుమానాలు తీరుతాయి. మొదట అది సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్, అంటే పేజీ మూల రాత, తెచ్చుకుంటుంది. అందులో ఉన్న మాటలు, లింకులు ఏరుకుంటుంది. తర్వాత పేజీని వరసలో పెట్టి, తీరిక దొరికినప్పుడు క్రోమ్ బ్రౌజర్ లాంటి దానిలో తెరిచి, పేజీకి కదలిక ఇచ్చే జావాస్క్రిప్ట్ నడిపి, అప్పుడు ఏం కనబడిందో చూసి సూచికలో రాసుకుంటుంది. ఇంతవరకూ మనలాంటిదే. తేడాలు ఇక్కడి నుంచే మొదలు. అది మౌసు నొక్కదు. 'లోపలికి రండి' అన్న బొత్తాం నొక్కితే తప్ప తెరుచుకోని సైటుకు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మనలా స్క్రోల్ చేయదు. దానికి బదులు కిటికీని బాగా పొడుగ్గా సాగదీసి పేజీని ఒక్కసారి చూస్తుంది. కాబట్టి 'కంటి ముందుకు వచ్చినప్పుడు తెరుచుకో' అన్న పద్ధతిలో రాసిన భాగాలు దానికి కనబడొచ్చు, 'వేలు కదిలినప్పుడు తెరుచుకో' అని రాసినవి కనబడవు. నిన్న వచ్చిన సంగతి ఇవాళ గుర్తుండదు, ఒక పేజీలో దాచుకున్నది రెండో పేజీకి తీసుకుపోదు. కెమెరా వాడుకోవచ్చా, ఎక్కడున్నావో చెప్తావా అని అడిగితే ఒప్పుకోదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటి గూగుల్ తన సాంకేతిక సూచనల్లోనే రాసిపెట్టింది: బ్రౌజర్లో త్రీడీ బొమ్మలు గీసే వెబ్‌జీఎల్‌ను గూగుల్‌బాట్ నడపదు. ఆ తిరిగే కడ్డీ, ఆ నిప్పురవ్వలు దాని దృష్టిలో ఖాళీ చట్రం.

జంషెడ్‌పూర్ నుంచి సరాయికెలా వెళ్లి చైత్రపర్వంలో చౌ నాట్యం చూసినవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. యునెస్కో 2010లో తన వారసత్వ జాబితాలో చేర్చుకున్న కళ అది. సరాయికెలా బాణీలో నర్తకుడి ముఖం మీద ముసుగు ఉంటుంది, నోట మాట ఉండదు. కథంతా మెడలో, భుజంలో, పాదంలో. చూపున్నవాడికి అద్భుతం. కళ్లు మూసుకుని కూర్చున్నవాడికి ఢోలు మోత, సన్నాయి తప్ప కథ అందదు. మన తోలుబొమ్మలాట అలా కాదు. తెర మీద బొమ్మ ఎంత ఎగిరినా కథను మోసేది తెర వెనక పాట, మాట. గుడిసెలో పడుకున్న ముసలమ్మ కూడా ఆ రాత్రి లంకాదహనం విన్నదే. సెర్చ్ యంత్రం కళ్లు మూసుకుని కూర్చునే ప్రేక్షకుడు. ఇది చౌ తప్పు కాదు, బాట్ తప్పూ కాదు. ఎవరి కోసం ఆడుతున్నామో తెలిసి ఆడాలి.

ఈ గొడవ మొదటిసారి పెద్దగా వచ్చింది ఫ్లాష్ కాలంలో. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ అనే చిన్న యానిమేషన్ పనిముట్టుగా పుట్టి, మాక్రోమీడియా చేతికి వచ్చి ఫ్లాష్ అయింది. 2005లో అడోబీ ఆ కంపెనీనే కొనేసింది. సైటు తెరవగానే సంగీతం, ఎగిరే అక్షరాలు, కింద మూల 'స్కిప్ ఇంట్రో'. ఆ రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చున్నవాళ్లకు ఆ ఇంట్రో అయ్యేసరికి పావుగంట పోయేది. 1999 నవంబరులో లండన్ నుంచి బూ డాట్ కామ్ అనే బట్టల దుకాణం ఆర్భాటంగా మొదలైంది. తిప్పి చూసే దుస్తులు, మాట్లాడే బొమ్మ అమ్మాయి, అన్నీ ఉన్నాయి. మామూలు ఫోను లైన్ల మీద అది తెరుచుకోవడమే గగనమైంది. 2000 మే నెలలో మూతపడింది. దాని పతనానికి విచ్చలవిడి ఖర్చు పెద్ద కారణమే గానీ, ఆ బరువైన సైటు కూడా తన వంతు చేసింది.

ఫ్లాష్ సైటంతా ఒకే ఫైలు. లోపల ఇరవై పేజీలున్నా బయటికి చిరునామా ఒక్కటే. ఫలానా పేజీకి లింకు ఇవ్వడం కుదరదు, వెనక్కి బొత్తాం నొక్కితే మొత్తం సైటు బయట పడతాం. 2008 జూన్‌లో గూగుల్, అడోబీ కలిసి ఫ్లాష్ ఫైళ్లలోని అక్షరాలను చదివే ఏర్పాటు చేశామని చెప్పాయి. కొంత నిజమే. కానీ మాటలు దొరికినా వాటి మధ్య సంబంధం దొరకలేదు: ఏది శీర్షిక, ఏది బొత్తాం మీది రాత, ఏది ఏ పేజీది? 2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ ఐఫోన్లో ఫ్లాష్ ఎందుకు పెట్టలేదో బహిరంగ లేఖ రాశాడు. 2019 చివరికి గూగుల్ ఫ్లాష్‌ను సూచికలోంచి తీసేసింది. 2020 డిసెంబరు 31తో అడోబీ దానికి మద్దతు ఆపేసింది. పదిహేనేళ్లపాటు చేసిన ఎన్నో సైట్లు ఆ తర్వాత తెల్ల కాగితాలైపోయాయి. మాటల్ని విడిగా దాచుకున్నవాళ్లకు మాటలు మిగిలాయి.

తెలుగువాళ్లం దీన్ని కొత్త వింతగా చూడనక్కర్లేదు, మనం ఇంతకన్నా పెద్ద అజ్ఞాతవాసం చేసి వచ్చాం. తొంభైల చివర నుంచి తెలుగు పత్రికలు వెబ్‌లోకి వచ్చినప్పుడు ఒక్కో పత్రిక ఒక్కో సొంత ఫాంటు వాడింది. తెర మీద చక్కని తెలుగు. లోపల మాత్రం ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల కలగాపులగం. ఆ ఫాంటు తీసేస్తే పేజీ నిండా పిచ్చి గీతలు. అన్ని లిపులకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగుకు చోటు ఉంది, 2001లో విండోస్ ఎక్స్‌పీ తెలుగును చూపించింది. అయినా పత్రికలు ఆ దారికి రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోపు రోజూ కొన్ని వందల వార్తలు, కథలు, సంపాదకీయాలు వెబ్‌లోకి ఎక్కాయి, ఒక్క తెలుగు మాటతోనూ వెతికి పట్టుకోలేని విధంగా. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ ఉపకరణం పుట్టిందంటే అవసరం ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఆ పదేళ్ల తెలుగు వెతుకులాటకు ఇప్పటికీ సరిగ్గా అందదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మొదటి నుంచీ యూనికోడ్‌లోనే రాసుకుంది. దాని పేజీలు సాదాసీదాగా ఉంటాయి. కానీ తెలుగు పేరు ఏది వెతికినా ఇవాళ పై వరసలో వచ్చేది తరచుగా అదే. కంటికి కనబడటం ఒకటి, దొరకడం వేరొకటి. ఈ పాఠానికి మనం చెల్లించిన ఫీజు తక్కువది కాదు. మళ్లీ మెరిసే బొమ్మల పేరుతో అదే ఫీజు కట్టడం నాకు బాధగా ఉంటుంది.

ఫ్లాష్ పోయాక చోటు జావాస్క్రిప్ట్‌ది. పేజీ మారకుండానే లోపలి సరుకు మార్చేసే సైట్లు వచ్చాయి. చిరునామాలో హ్యాష్ గుర్తు పెట్టి పేజీలను వేరు చేసే పద్ధతికి గూగుల్ 2009లో ఒక సర్దుబాటు ప్రతిపాదించింది, 2015లో దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత కూడా పాత అలవాటు వదలని సైట్లకు హ్యాష్ తర్వాతి భాగమంతా లెక్కలోకి రాదు. 2014లో గూగుల్ పేజీలను బ్రౌజర్‌లా తెరిచి చూస్తున్నామంది గానీ, ఆ బ్రౌజర్ చాలాకాలం పాతదే: 2019 మే దాకా క్రోమ్ 41. అప్పట్నుంచే బాట్ కొత్త క్రోమ్‌తో పాటు నడుస్తోంది. 'గూగుల్ జావాస్క్రిప్ట్ చదవదు' అనే మాట 2012లో చాలామటుకు నిజం, ఇవాళ కాదు. 'గూగుల్ ఇప్పుడన్నీ చదివేస్తుంది, నిశ్చింతగా ఉండండి' అని చేతులు దులుపుకునే మాట ఇవాళ కూడా నిజం కాదు. సైట్లు చేసే కుర్రాళ్లలో ఈ రెండో మాట ఎక్కువగా వినిపిస్తోంది, అదే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

ఎందుకంటే చదివేది గూగుల్ ఒక్కటే కాదు. కొటేషన్లు, బిల్లులు, డ్రాయింగులు అన్నీ ఇప్పుడు వాట్సాప్‌లోనే నడుస్తున్నాయి. లింకు పంపితే కింద కనబడే చిన్న బొమ్మ, రెండు వాక్యాలు సర్వర్ మొదట పంపిన హెచ్‌టీఎంఎల్‌లోంచి తీసుకున్నవే. ఏ జావాస్క్రిప్టూ అక్కడ నడవదు. కృత్రిమ మేధ సంగతి మరీ ముఖ్యం. 2024 డిసెంబరులో, వెబ్‌సైట్లకు సర్వర్లు సమకూర్చే వెర్సెల్ సంస్థ తన సర్వర్లకు వచ్చే బాట్ల రద్దీని పరిశీలించి, ఓపెన్ ఏఐ, ఆంథ్రోపిక్, పర్‌ప్లెక్సిటీ వంటి సంస్థల బాట్లు జావాస్క్రిప్ట్ నడపడం లేదని రాసింది. గూగుల్ వాళ్ల జెమినై మాత్రం గూగుల్‌బాట్ ఏర్పాట్లనే వాడుకుంటోంది. కొనుగోలు విభాగం మనిషి రేపు 'జంషెడ్‌పూర్ దగ్గర గేర్లు చేసేవాళ్లెవరు' అని గూగుల్‌ను కాక ఒక చాట్‌బాట్‌ను అడగొచ్చు. దానికి తెలిసింది మొదటి హెచ్‌టీఎంఎల్ ఒక్కటే అయితే, అందులో లేని కార్ఖానా దాని దృష్టిలో ఊళ్లోనే లేదు.

వేగం మాట కూడా చెప్పుకోవాలి, దీని మీద అతిగా భయపెట్టడం జరుగుతోంది కాబట్టి. గూగుల్ 2020లో ప్రకటించిన కోర్ వెబ్ వైటల్స్ మూడు కొలతలు. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి. వేలు నొక్కినప్పుడు 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి, ఈ కొలత 2024 మార్చిలో పాతదాని స్థానంలోకి వచ్చింది. చదువుతుండగా పేజీ అటూ ఇటూ దూకకూడదు, ఆ దూకుడు 0.1 దాటకూడదు. ఈ లెక్కలు ప్రయోగశాలవి కావు, క్రోమ్ వాడే అసలు మనుషుల ఫోన్లలోంచి వచ్చేవి. నలుగురిలో ఒకరికి మించి నత్తనడక నడిచే సైటు అక్కడ దొరికిపోతుంది. 0 నుంచి 100 అంకె ఎక్కే తెర మొదటి కొలతను దెబ్బతీస్తుంది. త్రీడీ లెక్కలతో ఊపిరాడని ఫోను రెండోదాన్ని దెబ్బతీస్తుంది. మూడోది మాత్రం యానిమేషన్ చేసే తీరును బట్టి ఉంటుంది: పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్‌ఎస్‌లో ట్రాన్స్‌ఫామ్‌తో కదిపితే లెక్కలోకి రాదు, ఎత్తు వెడల్పులు మార్చి పక్కవాటిని తోస్తే వస్తుంది. అంటే కదలికకు శిక్ష లేదు, తోపులాటకు ఉంది.

అయితే ఈ మూడింట్లో మంచి మార్కులు వచ్చినంత మాత్రాన పై వరసలోకి ఎవరూ ఎగబాకరు. వెతికిన మాటకు సరైన జవాబు ఉన్న పేజీ కాస్త నెమ్మదిగా ఉన్నా ముందుకే వస్తుందని గూగుల్ మొదటి నుంచీ చెప్తోంది. పైగా రోజుకు పదిమంది చూసే చిన్న సైటుకు ఆ కొలతలు వేయడానికి చాలినంత సమాచారమే ఉండదు. అక్కడ అసలు నష్టం ర్యాంకుది కాదు, మనిషిది. రైలులో కూర్చుని తెరిచిన కొనుగోలుదారు అంకె 40 దగ్గర ఉండగానే వెనక్కి పోతాడు.

అందంగానూ ఉండి దొరకగలగడం సాధ్యమేనా? సాధ్యమే, చేసి చూపించినవాళ్లున్నారు. 2012 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ 'స్నో ఫాల్' అనే కథనం వేసింది. హిమపాతంలో చిక్కుకున్న స్కీయర్ల కథ. కొండ తిరుగుతుంది, మంచు జారుతుంది, గాలి వీస్తుంది. అంత చేసినా జాన్ బ్రాంచ్ రాసిన వ్యాసం మామూలు అక్షరాలుగా పేజీలో ఉంది. కదిలేవన్నీ ఆ అక్షరాల మధ్య, వాటి పక్కన. ఆ కథనానికి మరుసటి ఏడు పులిట్జర్ వచ్చింది. ఇది తోలుబొమ్మలాట పద్ధతి.

ఇక తెలుగు అక్షరాన్నే కదిపేటప్పుడు వచ్చే చిక్కు. ఈ సంగతి పట్టించుకునే డిజైనర్లు తక్కువ. శీర్షికలోని అక్షరాలు ఒక్కొక్కటిగా పైనుంచి రాలడం ఇప్పుడు ప్రతి సైటులోనూ ఫ్యాషన్. ఇంగ్లిషులో అది తేలిక, అక్షరం అంటే ఒక గుర్తు. తెలుగులో 'స్త్రీ' కంటికి ఒక అక్షరం, యూనికోడ్‌లో ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. 'జంషెడ్‌పూర్' అని రాస్తే పదకొండు, అందులో ఒకటి డ్ తర్వాత వచ్చే కంటికి కనబడని గుర్తు. దాన్ని వదిలేస్తే ప వత్తు డ కింద చేరి 'జంషెడ్పూర్' అవుతుంది. ఇంగ్లిషు కోసం రాసిన ప్రోగ్రాం ఈ పేరును గుర్తు గుర్తుగా కోసి ఒక్కొక్కదాన్ని ఒక్కో డబ్బాలో పెడుతుంది. అప్పుడు పొల్లు ఒక చోట, కొమ్ము దీర్ఘం ఒక చోట, వాటికింద చుక్కల వలయాలు. అక్షరమే ముక్కలైంది. ముక్కల మధ్య ఖాళీలు పడితే యంత్రం దాన్ని ఒక పేరుగా చదవడమూ అనుమానమే. చూపులేనివాళ్లకు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అయితే ఊరి పేరును పుల్లలు విరిచినట్టు విరిచి పలుకుతుంది.

దీనికి మందు లేకపోలేదు. అక్షరాల హద్దులు గుర్తించే పద్ధతిలో యూనికోడ్ 2023లో 15.1 కూర్పుతో మార్పు తెచ్చింది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడగొట్టకుండా ఒక ముక్కగా చూడాలని నియమం పెట్టింది. అంతకు ముందు 'స్త్రీ'ని 'స్', 'త్', 'రీ' అని మూడు చేసేవాళ్లు. కానీ పాత ఫోన్లలోని బ్రౌజర్లకు కొత్త నియమం తెలియదు. అందుకని నా సలహా సూటిగా ఒకటే: తెలుగును అక్షరంగా కాదు, మాటగా కదపండి. 'జంషెడ్‌పూర్' మొత్తం ఒక్కసారి రాలితే అందానికేమీ తక్కువ కాదు. ఇంకా పట్టుదలగా అక్షరాలే రాలాలంటే, చెదరని పూర్తి మాటను స్క్రీన్ రీడర్ కోసం విడిగా ఉంచి, ముక్కలను దాని నుంచి దాచాలి.

ఇక్కడ ఒక అడ్డదారి గురించి హెచ్చరించాలి. బొమ్మ లోపలి మాటలు బాట్‌కు అందడం లేదు కదా అని, తెల్లని తెర మీద తెల్లని అక్షరాలతో పేజీ నిండా మాటలు కుక్కేవాళ్లున్నారు. మనిషికి ఒకటి, బాట్‌కు ఒకటి చూపించే ఇలాంటి పనిని గూగుల్ మోసంగా లెక్కవేస్తుంది, సైటునే పక్కన పెట్టేయగలదు. నొక్కితే తెరుచుకునే మడతల్లో మాటలు ఉండటం వేరు. అవి మొదటి హెచ్‌టీఎంఎల్‌లోనే ఉన్నంతవరకు ఏ ఇబ్బందీ లేదు. ఒకే వంటకాన్ని బాట్‌కు ముందే వండి, మనిషికి అక్కడికక్కడ వండుకునేలా వడ్డించే 'డైనమిక్ రెండరింగ్'ను కూడా 2018లో గూగుల్ తాత్కాలిక సర్దుబాటుగా చెప్పి, తర్వాత ఇది శాశ్వత మార్గం కాదని స్పష్టం చేసింది.

సరైన మార్గానికి ఈ ఊరే మంచి పోలిక. 1907లో టాటా ఉక్కు కంపెనీ పెట్టారు, 1912లో మొదటి ఉక్కు దిమ్మ పోశారు. వెడల్పైన రోడ్లు, నీళ్లు, చెట్లు ముందు వేశారు. ఫౌంటెన్ల జూబిలీ పార్కు వచ్చింది 1958లో. మార్చి 3న, ఊరికి పేరైన జంషెడ్జీ టాటా జయంతికి ఆ పార్కు దీపాల్లో మునిగినప్పుడు ఊరంతా చూడటానికి వస్తుంది. కానీ దీపాలు లేని రోజున కూడా రోడ్డు రోడ్డే, ఇంటికి దారి తెలుస్తుంది. వెబ్‌సైటూ అలాగే కట్టాలి. సర్వర్ నుంచి వచ్చే మొదటి పేజీలోనే కార్ఖానా పేరు, ఊరు, చేసే వస్తువులు, కొలతలు, ఫోను నంబరు అక్షరాలుగా ఉండాలి. ఒక్కో వస్తువుకు ఒక్కో చిరునామా ఉండాలి. మెనూలోనివి అసలు లింకులై ఉండాలి, నొక్కితే మాత్రమే మేల్కొనే డబ్బాలు కాకూడదు. ఆ తర్వాత తిరిగే కడ్డీని ఎక్కించండి, ముందు దాని నిలకడ ఫోటో ఒకటి చూపించి. రియాక్ట్ లాంటి జావాస్క్రిప్ట్ పనిముట్లతో కట్టినా పేజీలను ముందే సర్వర్ మీద వండి పంపే ఏర్పాట్లు ఇప్పుడు సులువుగా దొరుకుతున్నాయి.

కదిలే బొమ్మలు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు కొందరుంటారు. తమ ఫోనులో 'కదలిక తగ్గించు' అని పెట్టుకుంటారు. ఆ కోరికను మన్నించే వీలు సీఎస్‌ఎస్‌లో ఉంది, ఒకటి రెండు వరుసల పని. చూపు లేనివాళ్ల మాట ఇంకా బరువైంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, ప్రభుత్వ సైట్లకు 2009 నుంచీ మార్గదర్శకాలున్నాయి, 2023లో మూడో కూర్పు వచ్చింది. స్క్రీన్ రీడర్‌కు అందే పేజీ బాట్‌కూ చాలామటుకు అందుతుంది. బాట్ కోసం చేయమంటే 'వ్యాపారం' అని ఒప్పుకునేవాళ్లు, చూపులేని మనిషి కోసమంటే 'తర్వాత చూద్దాం' అంటారు. రెండూ ఒకే పని అని వాళ్లకు చెప్పాలి. నా వరకు రెండో కారణమే మొదటిది.

ఇదంతా కార్ఖానాలకే కాదు. జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామమందిరం ఉంది, కద్మాలో ఆంధ్ర అసోసియేషన్ ఉంది. ఇక్కడ పుట్టిన మూడో తరం తెలుగు పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో హిందీ, ఇంగ్లిషు చదువుకునేవాళ్లు చాలామంది. శ్రీరామనవమి ఎప్పుడో, తెలుగు నేర్పే చోటు ఎక్కడో వెతకాలంటే వాళ్లు ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేస్తారు. విశాఖలో ఉన్న మేనత్త తెలుగులో టైపు చేస్తుంది. అలాంటి సంఘం, గుడి ఏదైనా సైటు చేయించుకునేటప్పుడు ఒకే పేజీలో మీట నొక్కితే భాష మారే వేషం పెట్టుకోకూడదు. తెలుగుకు ఒక చిరునామా, హిందీకి ఒకటి, ఇంగ్లిషుకు ఒకటి ఇచ్చి, ఏది ఏ భాషో పేజీ తలకట్టులో రాయాలి. ఊరి పేరు రెండు మూడు రకాలుగా వాక్యాల్లో సహజంగా రావాలి: 'టాటానగర్ స్టేషన్ నుంచి ఇంత దూరం', 'సాక్చి నుంచి ఆటోలో రావచ్చు'. కార్ఖానా అయినా గుడి అయినా, గూగుల్ మ్యాపులో సరైన చోట పేరు, వేళలు, ఫోను నమోదు చేసుకోవడం చాలాసార్లు సైటు కన్నా ఎక్కువ పని చేస్తుంది. దానికి పైసా ఖర్చు లేదు.

సైటు చేయించుకుంటున్న మీకు ఒక విన్నపం. చివరి చెక్కు రాసే ముందు, చేసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మూడు పనులు చేయించండి. పేజీ మీద కుడి మీట నొక్కి మూలం తెరవమనండి, అందులో మీ ఊరి పేరు, మీరు చేసే వస్తువు పేరు వెతికించండి. తర్వాత బ్రౌజర్లో జావాస్క్రిప్ట్ ఆపేసి సైటు మళ్లీ తెరిపించండి. చివరగా లింకు మీ ఇంట్లోవాళ్ల వాట్సాప్‌కు పంపి కింద ఏం వచ్చిందో చూడండి. ఈ మూడు చోట్లా మీ పేరు కనబడకపోతే, కడ్డీ ఎంత అందంగా తిరిగినా సరే, సైటును వెనక్కి ఇచ్చి మాటలు పెట్టి తెమ్మనండి.